మిద్దె మీద వైఫై

ఆదివారం, రాత్రి

అరచేతిలో పట్టే లినక్స్ కంప్యూటర్‌కు సిమ్ వేసిన నెట్ డాంగిల్ తగిలించి, దాన్నే వైఫై పెట్టెగా మార్చి మిద్దె మీద పెట్టాను. మా వీధిలో సిగ్నల్ అక్కడే అందుతుంది. పొలం పంచుకున్నప్పటి నుంచి పక్కింట్లో ఉండే మా అన్న నాతో మాట్లాడడు. అయినా వాళ్ల పాప ఆన్‌లైన్ క్లాసులకు అవస్థ పడుతోందని తెలిసి, పాపకు పాస్‌వర్డ్ చెప్పాను.

సాయంత్రం నేను మిద్దె మీద పెట్టె దగ్గర ఉండగా, వాళ్ల వాకిట్లోంచి అన్న గొంతు వినిపించింది.

"రేయ్, రాలేదు. రోంత ఇట్ల తిప్పు."

చిన్నప్పుడు నేను ఇదే మిద్దె మీద యాంటెన్నా తిప్పుతుంటే, టీవీ ముందు నుంచి అన్న ఇలాగే అరిచేవాడు. నాయన ఇద్దరినీ తిట్టేవాడు.

వైఫై పెట్టెను కొంచెం తిప్పి అడిగాను. "ఇప్పుడు వచ్చినాదా అన్నా?"

"వచ్చినాది. ఆడనే పెట్టు."

రేపు మాట్లాడతాడో లేదో. వచ్చిందన్నాక కూడా, మళ్లీ అరుస్తాడేమోనన్న ఆశతో, ఆ పెట్టెను కాసేపు అటూ ఇటూ జరుపుతూనే ఉన్నాను.