పాండిచ్చేరిలో ఇంజను ఆగినప్పుడు

మామా,

నీ సంవత్సరీకం కాగానే ఓడెక్కానని తిట్టుకోకు. నగరిలో మన వీధి ఆడవాళ్లమే కూడబలుక్కుని, పాండిచ్చేరి చూద్దామని చెన్నైలో ఎక్కాం.

పెళ్లయిన నాటి నుంచి నీ పక్కన మన మరమగ్గాల మోతలోనే నిద్రపోయినదాన్ని. నువ్వు పోయాక వాటిని అమ్మేశాం. అప్పటి నుంచి నాకు ఇంట్లో కన్ను మూతపడదు. ఓడలో మా గది ఇంజను పైనే. మిగతావాళ్లు ఆ మోతకు చెవుల్లో దూది పెట్టుకుంటే, నేను ఒళ్లు తెలియకుండా పడుకున్నాను.

తెల్లారి పాండిచ్చేరి రాగానే ఇంజను ఆగింది. ఉలిక్కిపడి లేచి, పక్కన తట్టి, "మామా, పోగు తెగి మగ్గం ఆగినట్టుండాది, లెయ్యి!" అన్నాను. నేను తట్టింది ఎదురింటి రాజేశ్వరిని. అది నవ్వలేదు. దానిదీ మగ్గాల ఇల్లే కదా.

ఊరు నీకు నచ్చేది. ఫ్రెంచివాళ్ల కాలం నాటి పసుపుపచ్చ గోడలు, వాటి మీద కాగితంపూల తీగలు, చర్చి, సముద్రపు గట్టు అన్నీ చూశాం. కానీ ఆ వీధుల నిశ్శబ్దంలో నా కాలు ఒకచోట నిలవలేదు. మన వీధి అంత నిశ్శబ్దంగా ఉందంటే కరెంటు పోయిందనో, ఎవరో పోయారనో అర్థం. పదండి పదండి అని అందరినీ తరిమాను.

"ఏందక్కా ఆ తొందర? ఓడ మనల్ని ఇడిసిపెట్టి యాడికి పోతాది?" అని రాజేశ్వరి విసుక్కుంది.

ఇప్పుడు ఓడ మళ్లీ కదిలింది. వాళ్లు దూది వెతుక్కుంటున్నారు. నేను నీకు చోటు వదిలి గోడవైపు జరిగి పడుకుంటున్నాను. ఈసారి ఆగినా నిన్ను లేపనులే.