డేనిష్‌లో నిద్ర

జులై 3, 2024

కిర్‌స్టెన్ మ్యాడం ఈ రోజు కూడా కునుకు తీయలేదు. పడుకోబెట్టబోతే నా చెయ్యి రక్కింది. ఎనభై దగ్గరపడ్డ మనిషికి అంత బలం ఎక్కడిదో.

ఆమెకు ఇంగ్లీషు పోయింది. యాభై ఏళ్లు ఈ ముంబైలో మాట్లాడిన హిందీ పోయింది. చనిపోయిన భర్త పేరు కూడా పోయింది. మిగిలింది పుట్టిన దేశం డెన్మార్క్ భాష డేనిష్ ఒక్కటే. గ్రాంట్ రోడ్ స్టేషన్ అవతల అంత పెద్ద ఫ్లాట్‌లో ఆ భాష వచ్చినవాళ్లు ఎవరూ లేరు. పగలు డ్యూటీకి నేను, రాత్రికి పూనం. ఇద్దరం ఆయాలను పంపే బ్యూరో పంపితే వచ్చినవాళ్లమే.

కూతురు మెట్టె డెన్మార్క్ నుంచి ఫోన్ చేసింది. నెలాఖరుకల్లా అమ్మ నిద్ర సర్దుకోకపోతే పన్వేల్ దగ్గరి ముసలివాళ్ల హోమ్‌లో చేర్పించక తప్పదట. ఆ హోమ్‌లో నేను ఒక వర్షాకాలం పనిచేశాను. నిద్రపోని వాళ్ల చేతులు అక్కడ మంచానికి కట్టేస్తారు. ఆ మాటే చెప్పాను. బ్రోషర్‌లో అలా లేదంది.

జులై 4

ఫోన్‌లో డేనిష్ నేర్పే యాప్ వేసుకున్నాను. ఫ్రీ. మున్సిపాలిటీ తెలుగు స్కూల్లో ఏడుతో ఆపేసినదాన్ని డేనిష్ నేర్చుకుంటానంటే మా తమ్ముడు శివరాం పడీపడీ నవ్వాడు. ముందుగాల మరాఠీ సక్కగ రాసుడు నేర్వు అక్కా అన్నాడు.

నవ్వనీ. ఆ ముసలామె చేతులు కట్టేసి ఉండగా చూడటం నా వల్ల కాదు.

జులై 7

ఈ రోజు పాఠం నిద్ర గురించే. మీరు ఎప్పుడు పడుకుంటారు? నేను పదింటికి పడుకుంటాను. ఎన్ని గంటలు నిద్రపోతారు? ఎనిమిది గంటలు. నా గది నిశ్శబ్దంగా ఉంటుంది. పక్కన బొమ్మ. మంచం మీద ఒక్కతే ఆడమనిషి, తెల్ల దిండు, దీపం.

తర్వాత మన గురించి మనం చెప్పాలట.

ఏం చెప్పను? కామాఠిపురలో మా ఒంటిగది ఖోలీలో నిద్రకు టైం ఉండదు, వంతు ఉంటుంది. మొన్నటిదాకా శివరాంకు నైట్ సెక్యూరిటీ. గదిలోనే పైన చెక్కలు కొట్టి చేసిన మాళా మీద పగలు వాడు పడుకునేవాడు, రాత్రి నేను. పోయిన నెల కంపెనీ వాడిని డే షిఫ్ట్‌లో వేసింది. ఇప్పుడు రాత్రి మాళా మీద వాడు, పెళ్లాం మనాలి. కింద అమ్మ, పిల్లలిద్దరు. నా చాప బయట అందరూ నడిచే గ్యాలరీలో. వాన జల్లు కొడుతుంది. చివర ఉన్న పాయఖానాకు వెళ్లేవాళ్లు నన్ను దాటుకుని పోతారు. తప్పు ఎవరిదీ కాదు. అయినా ఒక్కోసారి అందరి మీదా ఒళ్లు మండుతుంది.

యాప్‌లో ఇవన్నీ చెప్పే వాక్యాలు లేవు. పదింటికి, ఎనిమిది గంటలు అని నొక్కాను. అబద్ధానికి గ్రీన్ టిక్ వచ్చింది.

జులై 9

సౌ గాట్, అంటే బాగా నిద్రపో. అదే పనిగా చెప్పాను. దిండు తీసి నా మొహాన కొట్టింది.

జులై 12

పొద్దున వెళ్లేసరికి మ్యాడం మణికట్ల మీద ఎర్రటి గీతలు. రాత్రి పూనం తన భుజం మీది ఓఢ్నీతో కట్టేసిందట. ఇక్కడే ఇలా అయితే హోమ్ దాకా పోవడం ఎందుకని పోట్లాడాను. రాత్రి నువ్వుండి సూడు అక్కా, అప్పుడు మాట్లాడు అని చెప్పులేసుకుని వెళ్లిపోయింది. అదీ మనిషే. దానికీ ఇంట్లో వంటా పిల్లలూ ఉన్నారు.

బాగా నిద్రపోయావా అని మ్యాడంను డేనిష్‌లో అడిగాను. నా మొహంలోకి చూసింది. తర్వాత ఏడ్చింది.

జులై 18

రాత్రంతా కుండపోత. గ్యాలరీ నిండా నీళ్లు. చాప చుట్టి పట్టుకుని గోడకు ఆనుకుని తెల్లవార్లూ కూర్చున్నాను. అలాగే డ్యూటీకి వెళ్లాను.

మధ్యాహ్నం మ్యాడంకు అన్నం తినిపించి మంచం పక్కన స్టూల్ మీద కూలబడ్డాను. ఆమె పైకప్పు చూస్తూ ఏదో గొణుగుతోంది. నిద్రపో అని చెప్పే ఓపిక కూడా లేదు నాకు. యాయ్ ఎర్ ట్రెట్ అన్నాను. అలసిపోయాను. యాయ్ హార్ ఇక్క సౌవెట్. నేను నిద్రపోలేదు. ఆమెకు చెప్పాలని కాదు. నిజం కాబట్టి నోట్లోంచి వచ్చేసింది. ఆ భాషలో నేను ఆడిన మొదటి నిజం అదే.

ఆమె గొణుగుడు ఆగింది. నా వైపు తిరిగి చాలాసేపు చూసింది. తర్వాత మెల్లగా గోడ వైపు జరిగి, ఖాళీ అయిన చోటు అరచేత్తో తట్టింది. కమ్, లిలె వెన్ అంది.

గోడ మీద కెమెరా ఉంది. డ్యూటీలో నిద్రపోతే పని పోతుంది. వద్దని తల ఊపాను. మళ్లీ తట్టింది, ఈసారి కోపంగా. అంచున ఒరిగాను. ఆమె పడుకోగానే లేద్దామనుకున్నాను. తల మీద చెయ్యి వేసి ఏదో కూనిరాగం తీసింది. అంతే తెలుసు.

లేచేసరికి టీ టైం. మ్యాడం నోరు తెరుచుకుని హాయిగా నిద్రపోతోంది. ఎన్ని నెలల తర్వాతో.

ఇంటికొచ్చి వెతికాను. లిలె వెన్ అని వాళ్లు చిన్నపిల్లలను ముద్దుగా పిలుస్తారట. నాకు నలభై దాటాయి.

జులై 19

అనుకున్నంతా అయింది. పేషెంట్ మంచం ఎక్కి నిద్రపోయావట, వీడియో వచ్చింది, రేపటి నుంచి రావద్దని బ్యూరో మ్యాడం ఫోన్ చేసింది. గంత మెత్తటి పరుపు మీద ఎందుకు పండినవే బిడ్డా అంది మా అమ్మ. నాకన్నా ఆ ముసలామె సంగతే తలుచుకుని ఏడుపొచ్చింది.

జులై 20

మెట్టె తనే ఫోన్ చేసింది. ఆ వీడియో మళ్లీ మళ్లీ చూసిందట. ఏం చేశావని అడిగింది. ఏమీ చేయలేదు, నిద్రొస్తోందని చెప్పానంతే అన్నాను. ఆ ఇంట్లోనే, చిన్నప్పుడు తను నిద్రపోయేదాకా అమ్మ అలాగే పక్కన పడుకునేదట.

బ్యూరోతో తనే మాట్లాడింది. హోమ్ మాట మానేసింది. రేపటి నుంచి నా డ్యూటీలో మధ్యాహ్నం నిద్ర కూడా ఉంది. గసొంటి పని నాగ్గూడ సూడు వదినా అంది మనాలి.

జులై 29

అలసిపోయాను, నిద్రపోలేదు అనే ఆ రెండు డేనిష్ వాక్యాలూ పూనం కూడా బట్టీపట్టింది. ఓఢ్నీ ఇప్పుడు దాని భుజం మీదే ఉంటోంది.

ఆగస్టు 8

కిర్‌స్టెన్ మ్యాడం పోయింది. మధ్యాహ్నం లేచేసరికి నా తల మీద ఆమె చెయ్యి బరువుగా ఉంది. ముందు ఆ బరువే తెలిసింది. డాక్టర్ వచ్చి నిద్రలోనే గుండె ఆగిందన్నాడు.

ఎప్పుడు పోయిందో నాకు తెలియదు. నేను నిద్రపోతున్నాను. పక్కన మనిషి ప్రాణం పోతుంటే నేను నిద్రపోతున్నాను.

ఆ మాట ఎక్కడా అనొద్దని, నీళ్లు తాగిస్తుంటే పోయిందని చెప్పమని బ్యూరో మ్యాడం నేర్పింది. మెట్టె ఫోన్ చేసి, చివర్లో అమ్మ బాధపడిందా అని అడిగింది. హున్ సౌ గాట్, ఆమె హాయిగా నిద్రపోయింది. ఆ వాక్యం నాకు వచ్చు. కానీ నేను చూడలేదే. నేనూ నిద్రపోయాను, నాకు తెలియదన్నాను. ఫోన్ కట్ అయింది.

ఆగస్టు 9

మెట్టె మళ్లీ ఫోన్ చేసింది. నిన్నటి వీడియో చూసిందట. వాళ్లమ్మ ఒకసారి లేచి కూర్చుందట. తను కప్పుకున్న దుప్పటి తీసి నా పాదాల దాకా కప్పి, కాసేపు నన్ను చూసి, అప్పుడు పడుకుందట.

నిజమే. నిన్న లేచినప్పుడు దుప్పటి నా మీద ఉంది. నేను గమనించనే లేదు.