నా గిన్నెలో తింటున్నవాడు

టండ్రాలో మన దుప్పుల మంద విడిది నుంచి,
30 ఆగస్టు 1983

హాస్టలు వంటశాలలో ఉన్న అక్క సేవ్నెకు తమ్ముడు హద్కో వందనాలు.

నువ్వూ, నీ పొయ్యిలూ, నీ మోకాళ్ళ నొప్పులూ అన్నీ క్షేమమని తలుస్తాను. ఇక్కడ నేను క్షేమం అని రాయాలి కదా, అదే రాయలేకపోతున్నాను. ఎందుకంటే ఈ గుడారం లెక్కలో నేను చచ్చిపోయి మూడేళ్ళు కావస్తోంది. ఆ సంగతి నాకు నిన్న మధ్యాహ్నం తెలిసింది. మోకాలి మీద కాగితం పెట్టుకుని రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతే ఏమనుకోకు.

బడిపిల్లల్ని ఎక్కించుకుపోవడానికి వచ్చిన హెలికాప్టరులోనే దిగాను. అది మీ ఊళ్ళో ఆగకుండా నేరుగా ఇటే వచ్చింది, లేకపోతే ముందు నిన్నే చూసేవాణ్ణి. చమురు బావుల దగ్గర పని మానేశానక్కా. ఏడాదిగా మందు ముట్టలేదు. ఇక మందతోనే ఉండి, అమ్మ చేతి కూడు తిని బతుకుదామని వచ్చాను. మూడేళ్ళు ఇంటి ముఖం చూడలేదు, తప్పు నాదే. మరి మీరు? ఇదివరకు ఏ హెలికాప్టరు వచ్చినా అమ్మ దాంట్లో ఒక మాంసం మూట పంపేది. అదీ ఆగిపోయింది. మరిచిపోయారు కాబోలు అని నేనూ అలిగి కూర్చున్నాను.

దిగగానే నన్ను మొదట చూసింది వదిన. చేతిలో నీళ్ళ బకెట్టు అక్కడే వదిలేసి గుడారం వెనక్కి పరుగెత్తింది. అంత సంతోషమా అనుకున్నాను. ఇంతలో అన్న దుప్పుల్ని తోలే పొడుగు కర్రతో వచ్చి నాకు అడ్డంగా పెట్టాడు. "అక్కడే ఆగు. ఎక్కణ్ణుంచి వచ్చావ్?" అన్నాడు. "హెలికాప్టరులోంచి దిగాను కదన్నా, చూశావుగా" అన్నాను. "అది నేనూ చూశాను. అంతకుముందు ఎక్కడున్నావని అడుగుతున్నా" అన్నాడు. నవ్వొచ్చింది. మూడేళ్ళు రానందుకు ఆటపట్టిస్తున్నాడనుకున్నాను. నేను నవ్వుతుంటే అన్న ముఖం పాలిపోయింది. అప్పుడు భయమేసింది. కొవ్వూ, బీవరు బొచ్చూ కాల్చి, ఆ పొగ మీంచి నన్ను మూడుసార్లు అటూ ఇటూ దాటించాకే లోపలికి రానిచ్చారు.

లోపల అమ్మ తన చోట్లో కూర్చుని ఉంది. ఆమె పక్కన నా పక్క పరిచి ఉంది. నా దిండుకు ఆనుకుని మూరెడు పొడుగు కొయ్యబొమ్మ. దానికి బొచ్చు కోటు, నడుముకు బెల్టు, బెల్టుకు నా సైన్యపు ఇత్తడి బొత్తాం. దాని ముందు నీలం అంచున్న నా గిన్నె, నా చెంచా. అమ్మ చేపల పులుసు ఊది, చల్లార్చి, ఆ ముఖం లేని ముఖానికి ఆనించి, కాసేపు ఆగి, మూతి తుడిచింది.

నాన్న పోయినప్పుడు చేసిన బొమ్మకు మూడేళ్ళూ నేనే కదా పొద్దున్నే బట్టలు తొడిగి, రాత్రి పడుకోబెట్టింది. అందుకే చూడగానే తెలిసింది, మన గుడారంలో ఎవరో పోయారని. ఎవరా అని ఒక్కొక్కళ్ళనే లెక్కపెట్టుకున్నాను. అమ్మ ఉంది. అన్న ఉన్నాడు. వదిన ఉంది. నువ్వు ఊళ్ళో పచ్చగా ఉన్నావని పైలట్టు చెప్పాడు. లేనిది నేనొక్కణ్ణే.

అమ్మ నావైపు చూడలేదు. వదిన నన్ను అతిథుల వైపు కూర్చోబెట్టి, సీసా మూత లాంటి చిన్న కప్పులో టీ పోసింది. "నా గిన్నె ఇవ్వు వదినా" అంటే, "నీ గిన్నె ఆయన దగ్గరుంది మరిదీ. ఆయన నీలా మూతి ముడుచుకోడు, పెట్టింది పెట్టినట్టు తింటాడు" అంది. వదిన నోరు నీకు తెలుసుగా, ప్రాణభయంలో కూడా ఊరుకోదు. నేను నవ్వలేదు. అమ్మ నా దిండు సర్ది, ఆ బొమ్మను పడుకోబెట్టి, నా దుప్పటి దానికి కప్పింది. నేను కోటు తలకింద పెట్టుకుని గుమ్మం దగ్గర పడుకున్నాను.

5 సెప్టెంబరు

ఉప్పూ పిండీ పట్టుకుని హెలికాప్టరు పదో తేదీన మళ్ళీ వస్తుందట. అందాకా ఈ ఉత్తరం నా బూటులోనే ఉంటుంది.

నిన్న అన్న నన్ను సరస్సు అవతల మనవాళ్ళ సమాధుల దిబ్బకు తీసుకెళ్ళాడు. అక్కా, నా సమాధి చూశాను. నాన్న పక్కనే, నేల మీద చెక్కపెట్టె. పెట్టె పక్కన తలకిందులుగా నా స్లెడ్జి. విరగ్గొట్టిన నా స్కీలు, మొన విరిచిన నా కత్తి, అడుగున చిల్లు పొడిచిన నా టీ కప్పు. "పెట్టెలో ఏం పెట్టావన్నా?" అని అడిగాను. "నీ పాత బూట్లు, నీ బడి టోపీ. మనిషి లేడు కదమ్మా అంటే, ఉన్నవే పెట్టు అంది" అన్నాడు. ఆ మాట చెప్తూ తన పనితనం చూపిస్తున్నట్టు పెట్టె మూత కూడా ఒకసారి తట్టాడు.

అంతవరకూ ఓర్చుకున్నాను. కర్రకు గుచ్చిన దుప్పి పుర్రె చూశాక ఓర్చుకోలేకపోయాను. అది తెల్లచెవి. తల్లి చచ్చిన కూనని గుడారంలోకి తెచ్చి, సీసాతో పాలు పట్టి, నా పక్కలో పడుకోబెట్టి పెంచాను. పేరు పెట్టి పిలిస్తే మందలో ఎక్కడున్నా తోసుకుంటూ వచ్చేది. పోయినవాడికి బండి లాగే దుప్పి తోడు వెళ్ళాలి కదా, అందుకని అన్న దాన్ని పంపించాడు. "తాడు నేనే బిగించాను. నా చేతిలో ఉన్న చక్కెర నాకుతూనే పోయింది. నువ్వేమో కొవ్వెక్కి తిరిగొచ్చావ్. ఇప్పుడు చెప్పు, నువ్వు పోయావని కబురు పెట్టిన వెధవ ఎవడు?" అన్నాడు. నాకెలా తెలుస్తుందన్నాను. "నీ చావు నీకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుందిరా!" అని అరిచి, అరిచిన నోటితోనే ఏడ్చాడు. అన్న ఏడవడం నేనెప్పుడూ చూడలేదు.

తిరిగొచ్చాక వదిన అసలు సంగతి బయటపెట్టింది. కార్డు వచ్చింది నీకట. అమ్మ సరుకుల కోసం ఊరికి వచ్చినప్పుడు చదివి చెప్పింది నువ్వట. అమ్మ గుడారానికి తిరిగొచ్చి ఒక్కటే మాట అందట, "కార్డొచ్చింది, చిన్నోడు పోయాడు" అని. ఆ సాయంత్రమే కొయ్య చెక్కడం మొదలుపెట్టిందట.

ఏం కార్డక్కా అది? ఎవడు రాశాడు? నేను ఆ చలిలో బావి దగ్గర ఇనుపగొట్టాలు మోస్తూ నిక్షేపంలా ఉన్నాను. ఒక్క ఉత్తరం ముక్క రాసి కంపెనీని అడగలేకపోయావా? చదువుకున్నదానివి కదా! అది చాలదన్నట్టు మొన్న వేసవిలో నువ్వు ఇక్కడికి వచ్చి నీ చేత్తో ఆ బొమ్మకు పులుసు తాగించావట, తాగిస్తూ వెక్కివెక్కి ఏడ్చావట. వదిన చెప్తుంటే ఒళ్ళు మండిపోయింది. తాగుబోతు తమ్ముడు ఉన్నాడని చెప్పుకోవడం కంటే, పోయాడని చెప్పుకోవడం నీకు మర్యాదగా అనిపించిందా?

ఇంకో మాట. వచ్చి ఏడు రోజులైంది, నన్ను ఎవరూ పేరు పెట్టి పిలవలేదు. పోయినవాళ్ళ పేరు నోట పలకరు కదా. అమ్మ నాతో మాట్లాడదు. ఏమడిగినా వదినవైపు తిరిగి, "వచ్చినాయనకు ఇంకో చేప వెయ్యి" అంటుంది. హాస్టల్లో చేరిన రోజు నాకు గెన్నాదీ అని రష్యన్ పేరు పెట్టారు, గుర్తుందా? మన నేనెత్సు మాట వినబడితే గోడకు ముఖం పెట్టి నిలబెట్టేవాళ్ళు. భోజనాల వరసలో నా వెనక నిలబడి, నా పేరు నేను మరిచిపోకుండా "హద్కో, హద్కో" అని మెల్లిగా అనేదానివి నువ్వే. నన్ను చంపిందీ నువ్వే అంటే నమ్మబుద్ధి కావడం లేదు. కానీ అన్న నమ్మాడు. శీతాకాలం మంద అడవివైపు దిగినప్పుడు ఊరికి వస్తాడట. ఆ కార్డు చూపించమంటాడట. చూపించలేకపోతే ఈ పొయ్యి దగ్గర నీకు చోటు లేదంటున్నాడు. నేను వద్దని చెప్పలేదు.

జవాబు రాయి. ఏం రాసినా సరే, నిజం రాయి.

ఇట్లు,
బతికే ఉన్న నీ తమ్ముడు
హద్కో

తా.క.

9 సెప్టెంబరు. పై ఉత్తరం చింపేద్దామనుకున్నాను. ఇంకో కాగితం లేదు. పైగా నిన్ను నేను ఎన్నేసి మాటలన్నానో నీకు తెలియాలి, అందుకే అలాగే పంపుతున్నాను.

నిన్న తొలిమంచు పడింది. తొలిమంచుతో మూడేళ్ళ గడువు తీరినట్టేనని, బొమ్మను దిబ్బ మీద వదిలేసి రావాలని అన్న ముందే చెప్పాడు. తను మంద దగ్గరికి వెళ్ళాడు. అమ్మ బొమ్మను ఎత్తి తెచ్చి నా ఒళ్ళో పెట్టి, "వీడి బట్టలు నువ్వే విప్పు" అంది. నేనొచ్చాక అమ్మ నాతో నేరుగా మాట్లాడిన మొదటి మాట అది.

బెల్టు తీశాను. కోటు తీశాను. లోపలి చొక్కా నా చిన్నప్పటి చొక్కా గుడ్డే. దాని కింద నడుముకు చుట్టిన పట్టీ విప్పితే కొయ్య రెండు బద్దలుగా విడిపోయింది. మధ్యలో నాలుగు మడతల కార్డు. ఒకవైపు ఎర్రజెండాలు, పువ్వులు, నవంబరు విప్లవ పండగ శుభాకాంక్షలు. వెనక్కి తిప్పాను. అక్షరాలు నావి.

"అక్కా, ఇంక మాంసం మూటలు, బొచ్చు కోట్లు పంపొద్దని అమ్మకు చెప్పు. గదంతా దుప్పి కంపని అందరూ నవ్వుతున్నారు. నేను ఆ మనిషిని కాను. నేను చచ్చాననుకోండి. గెన్నాదీ."

రాసినట్టు గుర్తులేదక్కా. ఆ పండగ వారమంతా తాగే ఉన్నాను. కానీ ఆ నవ్వు గుర్తుంది. గదిలో ఐదుగురు ముక్కులు మూసుకుని అమ్మ పంపిన మూటను కిటికీలోంచి బయటికి విసిరారు, నేనూ వాళ్ళతో కలిసి నవ్వాను. ఎవడు రాశాడని మీ అందరినీ నిలదీశాను చూడు, ఆ వెధవను నేనే.

"నేను బతికే ఉన్నానని నీకు తెలుసా అమ్మా?" అని అడిగాను. "తెలుసు. అక్క చదివింది. మళ్ళీ చదవమన్నాను, మళ్ళీ అదే చదివింది. కోపంలో రాశాడమ్మా, పట్టించుకోకు అని ఏడ్చింది. ఎవరికీ చెప్పొద్దని నేనే ఒట్టు వేయించుకున్నా" అంది. మరి ఇదంతా ఎందుకన్నాను. బొమ్మ తల నిమురుతూ చెప్పింది. "పంపొద్దన్నావు. బతికున్నోడు వద్దంటే బలవంతాన నోట్లో కుక్కలేను కదా. చచ్చినోడు వద్దనడు. పూటపూటా పెట్టుకున్నా."

ఆ ఒట్టుకు కట్టుబడి నువ్వు మూడేళ్ళు నోరు విప్పలేదు. నేను నిన్ను ఏమన్నానో పైన ఉంది. క్షమించమని అడగడానికి కూడా ముఖం లేదు.

అన్న వచ్చాక కార్డు పైకి చదివి వినిపించాను, సంతకంతో సహా. తాడు భుజాన వేసుకుని మళ్ళీ మంద దగ్గరికి వెళ్ళిపోయాడు. వదిన కూడా నోరు మెదపలేదంటే చూసుకో. నిన్ను ఇంక ఎవరూ ఏమీ అడగరు, ఆ భయం పెట్టుకోకు.

ఆ కార్డు చేతిలో ఉంటే చెయ్యి కాలుతున్నట్టుంది. పొయ్యి మూత తీసి వేసేయబోయాను. అమ్మ ఒక్క ఉదుటున లేచి నా మణికట్టు పట్టుకుంది. "హద్కో!" అంది. అక్కా, పేరు పెట్టి పిలిచింది. "కాల్చకురా. నీ చేతిరాత నా దగ్గర అదొక్కటే ఉంది."

ఇప్పుడది అమ్మ కుట్టుసంచిలో ఉంది. వేరేది రాసిస్తేనే ఇది ఇస్తానంటోంది. వచ్చే హెలికాప్టరుకు నాలుగు ఖాళీ కార్డులు పంపించు. జెండాలవి వద్దు.