నీ ఇంట్లో వద్దన్న బిర్యానీ

మస్తానూ,

నువ్వు పోయి ఏడాదైందని నిన్న నీ పేరున ఫాతెహా చదివించారు. ప్రొద్దుటూరులో మాంసం తింటే, అది ముట్టని మా శెట్ల కంట పడతానని మనం జమ్మలమడుగు, పులివెందుల హోటళ్లన్నీ తిరిగేవాళ్లం. ఎక్కడ కైమా బాగుంటుందో, ఎక్కడ బిర్యానీలో ముక్క మెత్తగా ఉడుకుతుందో కనిపెట్టేది నువ్వు. గోడవైపు తిరిగి తినేది నేను.

నిన్న మీ ఇంట్లో నా పక్కన బజారు శెట్లంతా కూర్చున్నారు. మాకు విడిగా అరటిపళ్లు, పాలు పెట్టారు. ఇంతలో మీ ఆవిడ నా ముందుకు బిర్యానీ పళ్లెం తెచ్చింది.

"అన్నా, తిను. నీకు అడుగు బిర్యానీ శానా ఇష్టమని ఆయన ఎప్పుడూ చెప్తాండె. నీకోసమే తీసిపెట్టినా."

అందరూ నావైపు చూశారు.

"రామరామ! నేనట్లాంటివి ముట్టను వదినా. ఎవురినో అనుకొని తెచ్చినట్టుండావు" అన్నాను.

ఆమె పళ్లెం తీసుకొని లోపలికి వెళ్లింది. అక్కడ నీ కూతురి గొంతు వినిపించింది.

"మామ తింటాడని నాయన చెప్పినాడు కదమ్మా?"

"మీ నాయన తమాషాకు చెప్పింటాడులే" అంది వదిన.

నీ ఇంట్లో నిన్నే అబద్ధాలకోరును చేసి, నేను అరటిపండు ఒలుచుకున్నాను.