నల్ల తెర మీద తెల్ల అక్షరాలు

కంప్యూటర్ల విభాగం అధికారి గారికి,

నేను రెండో అంతస్తులో ప్రూఫులు దిద్దే మనిషిని. నాకు కుడికన్ను బొత్తిగా కనబడదు, ఎడమకన్ను సగమే పనిచేస్తుంది. అందుకే నా కంప్యూటర్‌లో తెర నల్లగా, అక్షరాలు తెల్లగా, బొటనవేలంత పెద్దగా పెట్టుకున్నాను.

సోమవారం మీరు భద్రత కోసమంటూ వచ్చి, నన్ను కుర్చీలోంచి లేపి, పాత సిస్టమ్ తుడిచేసి కొత్తది ఎక్కించారు. "నా అక్షరాలేవండీ?" అంటే, "అందరికీ ఒకటే పద్ధతి మేడమ్, అలవాటు చేసుకోండి" అన్నారు. నేనే మార్చుకోబోతే అనుమతి లేదంది కంప్యూటర్. నాలుగుసార్లు ఫోన్ చేసినా మీరు ఎత్తలేదు. మూడు రోజులు భూతద్దంతో నెట్టుకొచ్చాను. ప్రూఫుల్లో తప్పులు నా కంటబడకుండా జారిపోయాయి.

గురువారం మేనేజర్ గారు పిలిచి మీ నివేదిక చూపించారు. 'ఈమెకు కంప్యూటర్ వాడటం రాదు' అని రాశారు! మా అంతస్తులో ఎవరి మెషీన్ మొరాయించినా పదేళ్లుగా నన్నే పిలుస్తారండీ. నాకు ఒళ్లు మండిపోయింది. ఆయన్ని నా సీటు దగ్గరికి తీసుకొచ్చి, నా కుర్చీలో కూర్చోబెట్టి, "ఆ కళ్లజోడు తీసి చదవండి సార్" అన్నాను. ఆయన ఒక్క ముక్క చదవలేకపోయారు. తన పాస్‌వర్డ్ కొట్టి అనుమతి ఇచ్చారు. ఐదు నిమిషాల్లో అన్నీ సరిచేసుకున్నాను. మీ భద్రతా ఏర్పాట్లలో ఒక్కటి కూడా ముట్టుకోలేదు.

ఇక మిగిలింది ఆ వాక్యం. దాన్ని మీ చేత్తోనే కొట్టేసి, పక్కన సంతకం పెట్టాలి. రేపు పదింటికి మీ గదికి వస్తాను. మీరు పెడుతుంటే దగ్గరగా వంగి చూస్తాను.

ఇట్లు,
రెండో అంతస్తు ప్రూఫురీడరు