పిన్ని నేర్పిన జిగురు

పిన్నికి,

నేను క్షేమం. ఫోన్‌లో చెబితే మధ్యలోనే తిడతావని ఉత్తరం రాస్తున్నాను.

పోయిన సోమవారం ఇక్కడి పాత లైబ్రరీలో మూడు వందల ఏళ్ల నాటి పుస్తకం నా ముందు పెట్టారు. అలవాటుగా వేలు నాలుకతో తడుపుకుని పేజీ తిప్పేశాను. లైబ్రేరియన్ మేడమ్ చూసింది. పుస్తకంతో పాటు నా ప్రవేశ కార్డు కూడా తీసేసుకుంది. అది లేకపోతే నా పరిశోధన ఆగిపోయి నేను ఇంటికి తిరిగి రావడమే.

రోజంతా బతిమాలితే, "మూడు రోజులు మరమ్మతు గదిలో పని చెయ్యి, తర్వాత చూద్దాం," అంది.

అక్కడ చిరిగిన పేజీలు అతికించే పెద్దాయన జిగురు ఉడికించమన్నాడు. నీ బైండింగ్ షాపులో లాగే పిండిని ముందు చన్నీళ్లలో కలిపి, సన్న సెగ మీద చెయ్యి ఆపకుండా తిప్పాను. ఒక్క ఉండ కట్టలేదు. ఆయన వేళ్ల మధ్య రాసి చూసి, "ఎవరమ్మా నీకు నేర్పింది?" అన్నాడు.

"మా పిన్నండీ. పుస్తకాలు బైండు చేస్తుంది."

"ఆ మాట ముందే చెప్పొద్దూ?" అంటూ తనే పైకి వెళ్లి, మేడమ్‌తో మాట్లాడి నా కార్డు తెచ్చిచ్చాడు.

పిన్నీ, కాలేజీలో అందరికీ నువ్వు ఏదో ఆఫీసులో పని చేస్తావని చెప్పేదాన్ని. నీ గోళ్ల చుట్టూ ఎండిన జిగురు కనబడకుండా కాలేజీ వాళ్లతో దిగిన ఫోటోలో నిన్ను వెనక నిలబెట్టింది నేనే. ఇప్పుడు నా గోళ్ల చుట్టూ కూడా అదే ఉంది. రేపు మళ్లీ పుస్తకం పట్టుకోవాలి కాబట్టి కడుక్కోక తప్పదు. ఈ ఉత్తరం మాత్రం ఈ చేతులతోనే రాశాను.

నీ అక్క కూతురు