వరసలో లేని పేరు

ప్రియమైన అమ్మకు,

నీ కూతురు నమస్కరించి రాస్తున్నది. నేనిక్కడ కులాసా. నువ్వూ పిన్నీ కులాసాగా ఉన్నారనీ, పిన్ని మోకాలి నొప్పి కాస్త తగ్గిందనీ తెలిసి సంతోషించాను.

నా బ్రెయిలీ చుక్కలు వేలికి ఆనడం లేదనీ, చీమలు పాకినట్టున్నాయనీ దెప్పావు. ఈసారి మందపాటి కాగితం తెచ్చి గట్టిగా నొక్కి పొడుస్తున్నాను. అరచెయ్యి కందిపోయింది. భోజనాల వేళ ఆసుపత్రి శిక్షణ గదిలోనే కూర్చుని రాస్తున్నాను. వేళకు తింటున్నావా అని అడిగావు. తింటున్నాను. ఏం తిన్నానో గుర్తుండడం లేదు, అంతే.

రోజంతా అక్కడ ఏం చేస్తుందీ పిల్ల అని పిన్ని అడిగిందట. చెప్పుకోవడానికి గొప్పగా ఏమీ లేదు. కంట్లో చిప్పు పెట్టించుకున్నవాళ్లు కెమెరా ఉన్న కళ్లద్దాలు తగిలించుకుని వస్తారు. నల్లగుడ్డ పరిచిన బల్ల మీద నేనొక తెల్లపళ్లెం పెడతాను. అదెక్కడుందో వాళ్లు కనిపెట్టాలి. "ఎడమకి... ఇంకొంచెం ఎడమకి... కళ్లు కాదు, తల తిప్పండి" అంటూ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అరుస్తూనే ఉంటాను. ఇల్లు చేరేసరికి నా గొంతంటే నాకే విసుగు.

వాళ్లకు నిజంగా ఏం కనిపిస్తుందని అడిగావు. మనం అనుకునే చూపు కాదమ్మా. ఉత్త మెరుపు చుక్కలు. మా దగ్గరికి ఒక రిటైరైన బస్సు డ్రైవరుగారు వస్తారు. ఆయన మాటల్లో చెప్పాలంటే, "వానలో వైపరు పాడైన అద్దంలోంచి ఎదురుబండి లైట్లు చూసినట్టు." ఆ చుక్కల్నే పోగేసుకుని ఇది తలుపు, ఇది మనిషి అని పోల్చుకోవాలి. అయినా కిటికీ ఎటుందో మొదటిసారి తనంతట తాను చెప్పిన రోజు ఆయన ఎంత నవ్వారో! అందుకే ఎంత అలసిపోయినా ఈ పని మానలేకపోతున్నాను.

ఆయన సంగతే నీకు చెప్పాలి. కొన్నాళ్లుగా ఆయన చెయ్యి పళ్లెం మీద కాక పక్కన పడుతోంది. చిప్పులోని చుక్కలు ఒక్కొక్కటే ఆరిపోతున్నాయనీ, మళ్లీ వెలిగించడం కుదరదనీ ఇంజనీర్లు కాగితం పంపారు. "నీకు బాగా అలవాటైన మనిషి కదా, నువ్వే మెల్లగా చెప్పు" అన్నారు డాక్టరుగారు. రేపు చెబుదాం, రేపు చెబుదాం అని తొమ్మిది రోజులు నెట్టుకొచ్చాను. ఆయన మాత్రం రెండు బస్సులు మారి రోజూ వస్తూనే ఉన్నారు.

పదోరోజు ఆయన చెయ్యి పళ్లానికి జానెడు దూరంలో పడింది. "దగ్గరికొచ్చేశారు" అన్నాను. ఆయన చెయ్యి తియ్యలేదు.

"అమ్మాయ్, ముప్పయ్యేళ్లు బండి నడిపాను. ఇంజను చప్పుడు మారితే నాకు తెలుస్తుంది. నీ గొంతు మారింది. ఏంటి సంగతి?"

చెప్పేశాను.

"నీకు తెలిసి ఎన్నాళ్లయింది?"

"తొమ్మిది రోజులండీ."

"చిప్పు పోయింది, సరే, దానికెవరేం చేస్తారు? ఈ తొమ్మిది రోజులూ నాకే చేతకావట్లేదనుకుని ఇంట్లో మా ఆవిడ మీద ఎగిరాను తల్లీ. అదైనా నువ్వు ఆపి ఉండొచ్చుగా?"

తొమ్మిది రోజులకే ఆయన అంత మాట అన్నారు. నేను నీ దగ్గర దాచి ఏడాది దాటింది.

చిప్పు పెట్టించుకోవడానికి నా వంతు ఎప్పుడని ప్రతి ఉత్తరంలోనూ అడుగుతున్నావు. వరసలో ఉన్నావని ప్రతిసారీ రాస్తున్నాను. నీ పేరు వరసలో లేదమ్మా. నువ్వు పరీక్షలు చేయించుకుని వెళ్లిన పన్నెండో రోజునే డాక్టరుగారు నన్ను పిలిచి చెప్పారు. కంటి వెనక పొర పాడైనా, అక్కడి నుంచి మెదడుకు పోయే నరం బతికుంటేనే ఈ చిప్పు పనిచేస్తుంది. నీకు రెండు కళ్లలోనూ ఆ నరం ఎండిపోయింది. మా దగ్గరున్న ఏ యంత్రమూ నీకు పనికిరాదు. నేరుగా మెదడులోనే పెట్టే చిప్పుల మీద ప్రయోగాలు జరుగుతున్నాయి గానీ, వాటిని చూపించి నీకు మళ్లీ ఆశపెట్టను.

పరీక్షలయ్యాక ఊరికి బస్సెక్కుతూ నువ్వన్నమాట గుర్తుందా? చూపు పోయాక కూడా కుట్టుమిషను వదలనిదానివి. "కళ్లొస్తే ముందు నీ మొహం చూస్తాననుకుంటున్నావేమో, నా కుట్లు చూసుకుంటానే! అందరూ బాగున్నాయనేవాళ్లే, ఒక్కరినీ నమ్మలేక చస్తున్నా" అని పకపకా నవ్వావు. ఆ నవ్వు చెరిపెయ్యడానికి నాకు నోరు రాలేదు. ఆ తర్వాత ఒక అబద్ధాన్ని నిలబెట్టడానికి ఇంకొకటి. యంత్రాలు ఇంకా రాలేదన్నాను. డాక్టరుగారు ఊళ్లో లేరన్నాను.

నీ కిందటి ఉత్తరం రాకపోతే ఇంకా సాగదీసేదాన్నేమో. అంధుల బడి పెద్దటీచరుగారు మళ్లీ వచ్చి, పిల్లలకు కుట్టుపని నేర్పమని అడిగితే, "చూపొచ్చాక చేరతానండీ" అని పంపేశావట. నా అబద్ధం నీ పనిని కూడా మింగేస్తోంది. నిన్న ఆవిడకు ఫోన్ చేశాను. వచ్చే సోమవారం దాకా ఇంకెవరినీ తీసుకోనన్నారు. నీ తరఫున నేను సరేననలేదు. ఆ ఒక్క తప్పయినా చెయ్యలేదు. చేరతావో లేదో నువ్వే చెప్పుకో.

ఈ ముక్క ఫోన్‌లో చెప్పలేకపోయావా అంటావు. నీ గొంతు వింటే మళ్లీ "వరసలోనే ఉన్నావు" అనేస్తాను, నాకు తెలుసు.

డ్రైవరుగారు నిన్న మళ్లీ వచ్చారు. నా మీద కోపం తగ్గలేదు. "చిప్పు సంగతి వదిలెయ్. కర్రతో రోడ్డు దాటడం నేర్పించు" అన్నారు. వీధి చివరిదాకా వెళ్లొచ్చాం. రెండుసార్లు నా కాలి మీద కర్రతో కొట్టారు. కావాలనే కొట్టారేమో, అడగలేదు.

శనివారం పొద్దుటి బస్సుకు వస్తున్నాను. కోపముంటే తలుపు తియ్యకు. మెట్ల మీద కూర్చుంటాను. వచ్చానని నీకు వినపడేలా చెప్పి మరీ కూర్చుంటాను.

ఇట్లు,
ఏడాదిపాటు నిన్ను నమ్మించిన
నీ కూతురు